మా మామ మౌసు కడిగిన వైనం

మా మామ హజరత్తయ్య దృష్టిలో నిమ్మకాయతో బాగుపడని వస్తువు ఈ లోకంలో లేదు. కడుపు ఉబ్బరిస్తే నిమ్మకాయ. తలలో చుండ్రుకు నిమ్మకాయ. ఇత్తడి బిందెకూ, ఎండదెబ్బకూ, ఆటోకు తగిలే దిష్టికీ నిమ్మకాయే. నేను కాపురానికొచ్చిన కొత్తలో జ్వరం తగిలితే కూడా ముందు నిమ్మకాయనే పిలిచారు, డాక్టరుని తరవాత పిలిచారు. నయం చేసిన గొప్ప మాత్రం నిమ్మకాయకే దక్కింది.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఆయన తండ్రి చిల్లకూరులో దూదేకి పరుపులు కుట్టేవాడట. స్పాంజి పరుపులు వచ్చి ఆ పని మూలపడ్డాక మామ గూడూరు నిమ్మకాయల మండీలో చేరాడు. బస్తాల్లో వచ్చిన కాయల్ని ఏరి, సైజు ప్రకారం కుప్పలు పెట్టడం, పుచ్చువి పక్కకు తీసెయ్యడం ఆయన పని. తల నెరిసేదాకా అదే చేశాడు. కాయను చూడనక్కరలేదు, బొటనవేలితో ఒకసారి తడిమితే చాలు, లోపల సంగతి చెబుతానంటాడు. మనుషుల్ని కూడా అట్లాగే తడిమి చూస్తాడేమోనని పెళ్లిచూపుల రోజు నాకు భయమేసింది.

నిరుడు కంటి ఆపరేషను అయింది, మోకాళ్లు కూడా మొరాయించాయి. మా ఆయన మతీన్ ప్రేమగా, "ఇంక చాల్లే నాయనా, ఇంట్లో విశ్రాంతి తీసుకో" అన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో మాకెవరికీ విశ్రాంతి లేదు.

పొద్దున లేస్తే వంటింట్లో నిలబడి గ్యాసు మంట ఎంతుందో చూస్తాడు. పప్పు ఎంతసేపు నానిందో అడుగుతాడు. మా అత్త జమాల్‌బీ ముప్పై ఏళ్లుగా కాస్తున్న పులుసులో ఉప్పు ఎప్పుడు వెయ్యాలో ఇప్పుడు ఆమెకు నేర్పుతున్నాడు. వంటిల్లు విసుగనిపిస్తే ఏదో ఒక వస్తువు విప్పుతాడు. ముందు మిక్సీ విప్పాడు. ఇప్పుడు దానికి ఒకటే వేగం. మూత మీద గట్టిగా చెయ్యి పెట్టి, అల్లాను తలుచుకుని స్విచ్చి వెయ్యాలి. తరవాత గోడ గడియారం విప్పాడు. అది ఆగలేదు, కాకపోతే ఊరందరికంటే కొంచెం ముందు నడుస్తోంది. విప్పిన ప్రతి వస్తువులోనూ ఒక స్క్రూ మిగులుతుంది. ఇదేంటని అడిగితే, "కంపెనీవోళ్లు ఒకటి జాస్తి వేస్తారమ్మే, పోతే పనికొస్తుందని" అంటాడు. అట్లా కంపెనీలు ఉదారంగా ఇచ్చిన స్క్రూలు మా ఇంట్లో ఒక పాత ఊరగాయ సీసాలో చేరాయి.

టీవీ రిమోటు మాత్రం నిజంగానే బాగుచేశాడు. సెల్లులు కారిపోయి లోపలి స్ప్రింగులకు తెల్లగా పట్టింది. మామ నిమ్మచెక్కతో రుద్ది, తుడిచి, ఎండలో పెట్టాడు. అది పనిచేసింది. వీధిలో నలుగురూ వచ్చి చూసిపోయారు. నా కష్టాలు ఆ రిమోటు పనిచేయడంతోనే మొదలయ్యాయి.

ఇక నా సంగతి. నా పేరు సానియా, పుట్టిల్లు మనుబోలు, మెట్టినిల్లు ఈ చిల్లకూరు. డిగ్రీ చదివాను, కంప్యూటరులో పెళ్లి ఆల్బాలు తయారుచేయడం నేర్చుకున్నాను. గూడూరులో మెర్లినక్క స్టూడియో ఉంది. వాళ్లాయన పెళ్లిళ్లకు పోయి ఫోటోలు తీస్తాడు. ఆ ఫోటోలు పెన్‌డ్రైవులో నాకు వస్తాయి. వందల ఫోటోల్లోంచి మంచివి ఏరాలి, పేజీల్లో అమర్చాలి, పెళ్లికొడుకు తల వెనక మొలిచిన కరెంటు స్తంభాన్ని పీకెయ్యాలి, పెళ్లికూతురు మొహం మీద చెమట తుడవాలి. ఇదంతా ఫ్రిజ్‌కూ వంటింటి గుమ్మానికీ మధ్య ఉన్న మూలలో కూర్చుని చేస్తాను. పోపు చిటపటలాడితే ఆవాలు వచ్చి కీబోర్డు మీద పడేంత దగ్గర.

మా ఇంట్లో అత్త బియ్యం ఏరితే పని. మతీన్ ఆటో కడిగితే పని. మామ బాగున్న గడియారాన్ని పాడుచేస్తే అది కూడా పనే. నేను చేసేదాన్ని మాత్రం మామ టిక్కుటిక్కు అంటాడు. "ఏమ్మే, నీ టిక్కుటిక్కు అయిందా? అయితే రవంత టీ పెట్టు." కాలేదని చెప్పినా టీ పెట్టాల్సిందే. ఎవరైనా ఇంటికొచ్చి కోడలు ఏం చేస్తుందని అడిగితే, "ఏం చెయ్యదు, ఇంట్లోనే బొమ్మలతో ఆడుకుంటా ఉంటుంది" అని నవ్వుతూ చెబుతాడు. నేను వచ్చినవాళ్లకు టీ ఇచ్చి నా బొమ్మల దగ్గరికి పోతాను.

మెర్లినక్క నన్ను షాపుకు వచ్చి పనిచెయ్యమని ఏడాదిగా అడుగుతోంది. నాకూ పోవాలని ఉంది. చాలా ఉంది. షాపులో లోపలి గదికి అద్దాల తలుపుంది. అక్కడ కూర్చున్న మనిషిని మధ్యలో లేపి ఎవరూ టీ పెట్టమనరు. వీడియోలు కత్తిరించి అతికించడం కూడా నేర్పిస్తానంది. ఆ మాట మామ చెవిన వేస్తే ఆయన జవాబు సిద్ధంగా ఉంది. "ఇంట్లో కంప్యూటర్ పెట్టుకోని షాపుకెందుకు? ఇంట్లో పొయ్యి పెట్టుకోని హోటలుకు పోతామా?" గూడూరు పోయినప్పుడల్లా హోటల్లో నెయ్యి దోసె తినకుండా తిరిగిరాని మనిషి ఈ మాట అనగలిగాడంటే నేను మెచ్చుకోవాలి.

ఇట్లా ఉండగా నా మౌసు చెడిపోయింది. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు పట్టుకుంటుంది. చక్రం తిరగదు, తిరిగితే ఆగదు. అప్పుడు నా చేతిలో బోగోలు వాళ్ల పెళ్లి ఆల్బం ఉంది. పెళ్లికొడుకు ఫోటో ఒకటి పెడితే ఇద్దరు పెళ్లికొడుకులు వచ్చి నిలబడుతున్నారు. ఒకణ్ణి తీసెయ్యబోతే ఇద్దరూ పోతున్నారు. గురువారం మధ్యాహ్నం మెర్లినక్కకు ఫోన్ చేసి ఆల్బం కొంచెం ఆలస్యమవుతుందని చెప్పాను.

ఆమెకు కోపం వచ్చింది. "నువ్వు ఇంట్లో కూర్చున్నంత కాలం ఇట్నే ఉంటాది సానియా. ఈడ నాలుగు మౌసులుండాయి. గిరాకీ వచ్చినప్పుడు ఫోటో మార్చమంటే మార్చేదానికి మనిషి నాకు ఎదురుగా ఉండాల. ఆదివారం సాయంత్రానికి చెప్పు. రానంటే వేరే అమ్మాయిని పెట్టుకుంటా, ఆల్బాలు కూడా ఆమెకే ఇస్తా. మళ్లీ నన్ను అనబాక."

అంటే షాపూ పోతుంది, ఇంట్లో ఉన్న పనీ పోతుంది. ఆ మూలన కూర్చోవడం ఎంత ఇరుకైనా అది నాది. అది కూడా లేకపోతే ఇంక మిగిలేది టీ గిన్నె ఒక్కటే.

మతీన్‌తో చెప్పాను. ఆయన ట్రాలీ ఆటోలో తోటల నుంచి మండీకి కాయలు తోలుతాడు. మంచివాడు. ఎంత మంచివాడంటే ఏ సంగతి అడిగినా "నాయన్ని అడుగు" అంటాడు. బల్బు పోయిందన్నా నాయన్ని అడుగు, సినిమాకు పోదామన్నా నాయన్ని అడుగు. పెళ్లిచూపుల్లో నేను నచ్చానో లేదో కూడా నాయన్నే అడిగి తెలుసుకున్నాడని నా అనుమానం. కొత్త మౌసు కొందామన్నా అదే మాట. మా ఇంట్లో మామ విప్పి చూడకుండా ఏ వస్తువునూ చచ్చిపోయినట్టు ఒప్పుకోరు.

శుక్రవారం పొద్దున మామ దోసెల్లో నిన్నటి చేపల పులుసు వేసుకుని తింటున్నాడు. మంచి సమయం అనుకుని మౌసు సంగతీ, మెర్లినక్క మాటా రెండూ చెప్పేశాను. ఆయన తింటూనే విన్నాడు.

"మౌసు చెడిపోయిందని మనిషి ఇల్లు దాటాల్నా? కాల్లో ముల్లు గుచ్చుకుంటే ఊరు మారతామా? తే ఇట్టా. నేను బాగుచేస్తా. బాగయిందంటే షాపు మాట ఇంక ఎత్తబాక."

"బాగవకపోతే మామా?" అన్నాను.

ఆయన చెయ్యి పులుసులో ఆగింది. తను విప్పినది బాగవకపోవడం అనే మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అని ఉండరు.

"బాగవకపోతే పోదువులే" అన్నాడు, ఎటూ జరగని పని కదా అన్నట్టు.

"నేను కూడా వింటా ఉండాను" అంది అత్త పొయ్యి దగ్గర నుంచి.

వసారాలో నులకమంచం మీద పాత పేపరు పరిచారు. టెస్టరు, పళ్లు తోమి పారేసిన బ్రష్షు, అత్త కుట్టుసూది, దూది వచ్చాయి. పక్కన పళ్లెంలో రెండు నిమ్మకాయలు, కత్తి. మామ కళ్లద్దాలు పెట్టుకుని మౌసును వెల్లకిలా తిప్పాడు. స్క్రూ లేదు. పక్కకు తిప్పాడు. అక్కడా లేదు.

"స్క్రూ లేకుండా ఎట్ట బిగించినారమ్మే దీన్ని?"

నాకు తెలుసు. అడుగున అంటించిన నల్ల పట్టీ కింద స్క్రూ దాగి ఉంటుంది. ఫోనులో వీడియో చూశాను. లోపల తుడవడానికి నీళ్లు, పులుపు తగలనివ్వకూడదని కూడా అందులోనే చెప్పారు. నాకు నోరుంది, మామూలుగా అది బాగా పనిచేస్తుంది కూడా. ఆ పూట మాత్రం మూసుకున్నాను. మౌసు చావాలి, నేను గూడూరు పోవాలి. మామ తన చేతులతోనే ఆ పుణ్యం కట్టుకుంటుంటే అడ్డుపడటానికి నేనెవరిని?

కత్తి పెట్టి సందులో కుమ్మబోయాడు. నేను ఆశగా చూశాను. అంతలో ఆయన బొటనవేలు అడుగున ఆ పట్టీ మీద ఆగింది. ఒకసారి తడిమాడు, మళ్లీ తడిమాడు. "ఈడ గుంట ఉండాది" అన్నాడు. గోటితో పట్టీ లేపితే దాని కింద స్క్రూ మెరిసింది. నిమ్మకాయలు తడిమిన వేలు నన్ను మొదటి దెబ్బ తీసింది.

మూత తీశాక మామ ముఖం చూడాలి. చక్రం చుట్టూ వెంట్రుకలు దారపుండలాగా చుట్టుకుని ఉన్నాయి. సూదితో లాగి ఒక్కొక్కటీ ఎండకు పెట్టి చూపించాడు.

"ఇవి ఎవరియ్యి?"

"నావే మామా." నా తలలో ఉన్నవాటికంటే ఎక్కువే ఉన్నాయి. రోజూ ఆ మూలన కూర్చుని జుట్టు పీక్కున్న లెక్క అది.

తరవాత ఆవాలు దొరికాయి. ఎండిన చీమ ఒకటి, పప్పుచెక్కల పొడి దొరికాయి. ప్రతిదాన్నీ పేపరు మీద వరసగా పెట్టి, పోలీసులు దొంగ సొత్తు చూపించినట్టు అందర్నీ పిలిచి చూపించాడు. "బొమ్మలాడుకుంటా చెక్కలు తినేది ఎవరంట?" అని అడిగాడు. ఆ చెక్కలు తింటూ నా వెనక నిలబడి, ఇది తెల్లగా ఉంది, అది నల్లగా ఉంది అని సలహాలిచ్చేది తనే. ఆ మాట అత్త అనేసింది. మామకు ఆ క్షణంలో చెవి సరిగా వినపడలేదు.

అసలు ఘట్టం అప్పుడు మొదలైంది. మామ నిమ్మకాయ కోశాడు. లోపలున్న ఆకుపచ్చ పలకను వేలిమీద పెట్టుకుని, దూది ముంచి, రసంతో తుడిచాడు. ఎర్ర లైటు వెలిగే కన్నును తుడిచాడు. నొక్కితే టిక్కుమనే బుల్లి డబ్బీకి రెండు చుక్కలు ఎక్కువే పోశాడు.

"ఉప్పు రవంత తే అమ్మే."

తెచ్చాను. మామ అడిగితే కోడలు ఇవ్వాలి కదా. గళ్ల ఉప్పు కాకుండా మెత్తటిదే ఇచ్చాను, సందుల్లోకి బాగా పోతుందని.

ఉప్పేసి బ్రష్షుతో రుద్దాడు. పంపు కింద పెట్టి కడిగాడు. ఆ నీళ్ల చప్పుడు వింటుంటే నా మనసు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. సోమవారం ఏ చుడీదారు వేసుకోవాలో కూడా ఆలోచించుకున్నాను. మామ మిద్దె మీదికి పోయి, అత్త ఊరగాయకు ఆరబెట్టిన నిమ్మబద్దల గుడ్డ మీదే ఒక పక్కగా మౌసు ముక్కల్ని పేర్చాడు. స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని శుక్రవారం నమాజుకు పోయాడు. పోతూ పోతూ, "కాకి ఎత్తకపోకుండా చూస్తా ఉండు" అని నాకే అప్పజెప్పాడు. నేను మిద్దె మీద కర్ర పట్టుకుని కూర్చుని, నా శత్రువుకు కాపలా కాశాను.

సాయంత్రం మామ మౌసును బిగించాడు. ఒక చిన్న స్ప్రింగు మిగిలింది. అదీ ఊరగాయ సీసాలోకి పోయింది. వైరు గుచ్చాడు.

ఎర్ర లైటు వెలిగింది.

"నొక్కు" అన్నాడు.

నొక్కాను. ఒకసారి నొక్కితే ఒకసారే పట్టుకుంది. మళ్లీ నొక్కాను. ఒకసారే. చక్రం మెత్తగా తిరిగి, ఆపిన చోట ఆగింది. ఒక్క పెళ్లికొడుకే వచ్చి నిలబడ్డాడు. ఇంత బుద్ధిగా అది కొన్న రోజు కూడా పనిచేయలేదు. ఇంట్లో నిమ్మకాయ వాసన గుప్పుమంటోంది.

"ఇప్పుడు చెప్పు. షాపులో ఏముండాది?" అన్నాడు మామ.

నేను స్నానాల గదిలోకి పోయి, పంపు తిప్పి ఏడ్చాను. ఉప్పు నేనే ఇచ్చాను కదా అని గుర్తొచ్చి ఇంకాస్త ఏడ్చాను. గడియారాన్ని, మిక్సీని చక్కగా పాడుచేసిన మనిషికి ఇదొక్కటే ఎందుకు బాగుచెయ్యడం వచ్చిందో నాకు అర్థం కాలేదు.

తిరిగొచ్చేసరికి మామ నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అంతకు ముందెప్పుడూ ఆయన ఆ కుర్చీలో కూర్చోలేదు. తన చేతి పనితనం తనే పరీక్షిస్తూ కనిపించినదల్లా నొక్కుతున్నాడు. తెర మీద బోగోలు పెళ్లి ఫోటో ఒకటి తెరుచుకుంది. ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"వీడి పక్కన ఇంకొకడు ఉండాల్నే. చెయ్యి మాత్రం కనిపిస్తా ఉండాది."

తాగి ఊగుతున్న బంధువొకడు పెళ్లికొడుకు మీద చెయ్యి వేసి నిలబడ్డ ఫోటో అది. సగం తీసేశాను, చెయ్యి మిగిలింది. మొదటి ఫోటో చూపించాను, తరవాత ఇప్పటిది చూపించాను.

"ఆ మనిషిని యాడికి పంపించినావు?"

"తీసేశాను మామా. వెనక ఉన్న పందిరి కనిపించేలా గీశాను."

"ఎంతసేపు పట్టింది?"

"నిన్న పొద్దంతా. ఇంకా చెయ్యి ఉంది."

ఆయన ఆ చేతి వంక చాలాసేపు చూశాడు. టీ అడగలేదు. తరవాత నేనింకా ఏరని విందు ఫోటోల్లోంచి ఒకటి తెరిచి, "దీంట్లో ఈయమ్మ కళ్లు మూసుకోనుండాది. ఇది పుచ్చు" అన్నాడు.

"పుచ్చువి పక్కన పెట్టాలి మామా. ముందు చేసే పని అదే. ఏరాలి."

అంతే. నా నోటి నుంచి ఆ మాట ఎందుకొచ్చిందో తెలియదు. ఏరడం అనే మాట వింటే ఆయన చేతులు ఊరుకోవు. మంచివి ఒక పక్కకు, పుచ్చువి ఒక పక్కకు లాగడం చూపించాను. కాసేపటికి పట్టు దొరికింది. కళ్లు మూసినవి, మసకబారినవి, బలవంతంగా నవ్వినవి, అన్నీ పుచ్చులోకి పోయాయి. పెళ్లికూతురు అక్క ఒకామె అన్ని ఫోటోల్లోనూ మూతి ముడుచుకుని ఉంది. ఆమెను ఒక్కదాంట్లో కూడా బతకనివ్వలేదు.

శనివారం నేను లేచేసరికి మామ కుర్చీలో ఉన్నాడు. నేను పక్కన నిలబడ్డాను. "ఉండు, రెండో రకం ఇంకా ఏరాల" అన్నాడు. మధ్యాహ్నం ఎదురుగా అన్నం పెడితే ఎడమచేత్తో మౌసు పట్టుకుని తిన్నాడు. కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని నేను వంటింటి గుమ్మంలో కాచుకున్నాను. ఆ చెయ్యి తీసెయ్యాలి, పేజీలు అమర్చాలి, ఆదివారం సాయంత్రం దగ్గరపడుతోంది. మామ బాగుచేసిన మౌసు మామకే చాలడం లేదు.

ఆ రెండు రోజులూ వంటింట్లో అత్త ఒక్కతే ఉంది. గ్యాసు మంట చూసేవాళ్లు లేరు. పప్పు గురించి అడిగేవాళ్లు లేరు. శనివారం ఆమె ఏదో పాత పాట కూనిరాగం తీయడం విన్నాను. ఈ ఇంట్లో ఆమె పాడటం వినడం నాకు అదే మొదలు.

ఆదివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర అత్త మామ కంచంలో చేపల పులుసు పోస్తూ మాట్లాడింది.

"ఇదో, ఆడ ఒకటే కుర్చీ. మీరు ఇద్దరు మనుషులు. ఎవురో ఒకరు యాడికన్నా పోవాల. నువ్వు మళ్లీ మండీకి పొయ్యేది లేదు. ఆ బిడ్డను షాపుకన్నా పంపించు. లేదంటే నువ్వొచ్చి మళ్లా నా వంటింట్లో నిలబడు. అప్పుడు నేను పోతా షాపుకి."

మతీన్ దగ్గాడు. నేను కంచంలోకి చూస్తూ ఉన్నాను. "మౌసు బాగయింది కదా, మాట మాటే" అని మామ అంటే ఇంక అయిపోయినట్టే.

మామ ముల్లు తీసి పక్కన పెట్టాడు. "ఆ షాపులో ఫ్యాను ఉండాదా?" అన్నాడు.

"ఏసీ ఉంది మామా."

"ఎవురెవురు ఉంటారు?"

"మెర్లినక్క ఒకతే. వాళ్లాయన పెళ్లిళ్లకు పోతాడు."

"ఈ ఫోటోలు సగం ఏరి ఆపేస్తే పాడైపోతాయి. పుచ్చు మంచిదాన్ని కూడా పాడుచేస్తుంది." ఫోటోలు ఒకదాని పక్కన ఒకటి ఉంటే కుళ్లవని నేను చెప్పలేదు. మౌసును ఉప్పుతో రుద్దుతుంటే మూసుకున్న నోరు అది, ఇప్పుడు తెరవడం మర్యాద కాదు. "సరే, నువ్వు పో. ఇవి ఏరేసి పెన్నులో పెట్టి పంపిస్తా. మొన్ననే చెబుదామనుకున్నా, నువ్వే అడగలేదు."

మతీన్ నా వంక చూసి, చూశావా అన్నట్టు తల ఊపాడు. నాయన్ని అడిగితే సరిపోతుందని ఆయన మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు కదా. నేను చెయ్యి కడుక్కోకుండానే మెర్లినక్కకు ఫోన్ చేశాను.

సోమవారం షేర్ ఆటో ఎక్కి గూడూరు పోయాను. అద్దాల తలుపు వెనక నా కుర్చీ, నా మౌసు. నొక్కితే నిమ్మకాయ వాసన రాలేదు. ఆ వాసన లేకపోవడం కొంచెం వింతగా ఉందని ఒప్పుకోవాలి. మామ రాత్రికి రాత్రే ఏరి పెన్‌డ్రైవులో పంపిన ఫోటోలు తెరిచి చూసి మెర్లినక్క ఆశ్చర్యపోయింది. "ఎవురు ఏరింది సానియా ఇయ్యి? ఒక్కదాంట్లో కూడా కళ్లు మూసుకోలేదే." ఇంట్లో ఒక మనిషిని పెట్టుకున్నానని చెప్పాను. ఇంకో పెళ్లి ఫోటోలు కూడా ఆ మనిషికే ఇమ్మని పంపింది.

ఆ వారం మధ్యలో వాన పడింది. ఆ రోజు పొద్దున నేను లోపలి గదిలో ఆ తాగుబోతు చేతి దగ్గర ఉన్నాను. అది ఇంకా పూర్తిగా పోలేదు. పెళ్లికొడుకు భుజం అంచు వెంట గీత గీస్తుంటే అద్దంలోంచి తెల్ల చొక్కా కనిపించింది. మామ. గొడుగు మడిచి గుమ్మం పక్కన పెట్టి, జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో మౌసు ఉంది. లోపలి రాగి అంతా పచ్చబడి పోయి ఉంటుందని చూడకుండానే తెలుసు. పులుపు, ఉప్పు కలిసి తమ పని నిదానంగా చేసుకున్నాయి.

"ఇది పోయిందమ్మా. కంపెనీవోళ్లు సరుకు సరిగా చెయ్యడం లేదు" అన్నాడు మెర్లినక్కతో. "ఇంట్లో ఫోటోలు ఆగిపోయినాయి. ఒక మౌసు ఇప్పించు."

"ఇస్తా గానీ కూర్చోండి. సానియాను పిలుస్తా ఉండండి."

అద్దాల తలుపు పూర్తిగా మూసి లేదు. మామ మాట స్పష్టంగా వినిపించింది.

"వద్దమ్మా, పిలవబాక. మా కోడలు పనిలో ఉండాది. అయ్యేదాకా నేను ఈడే కూర్చోనుంటా."

గిరాకీలు కూర్చునే కుర్చీలో కూర్చుని, రుమాలు మళ్లీ కట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగి తెర మసకబారింది. కావాలంటే లేచి పోయి పలకరించి ఉండొచ్చు. తుడుచుకుని, భుజం దగ్గర గీత ఎక్కడ ఆపానో వెతుక్కున్నాను. నేను లేవలేదు. పనిలో ఉన్నాను కదా.